పట్టు, సిల్కు, రేషం: మూడు ఊళ్లలో ఒక దారానికి ఉన్న పేర్లు

పట్టుపురుగు తన చుట్టూ అల్లుకునే గూటి నుంచి తీసిన దారాన్ని, ఆ దారంతో నేసిన బట్టను తెలుగులో పట్టు అంటారు. నిఘంటువుకు ఇంతవరకు చాలు. అయితే గుంతకల్లు – బెంగళూరు రైలు దారిలో ఉన్న ధర్మవరం, పెనుకొండ, హిందూపురంలలో ఈ దారంతో బతికేవాళ్లు దాన్ని ఒకే పేరుతో పిలవరు. పూర్వపు అనంతపురం జిల్లాలోని ఈ మూడు ఊళ్లూ 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా కిందికి వచ్చాయి. హిందూపురం మార్కెట్లో ఆ దారం ఇంకా గూడే. ధర్మవరం మగ్గం దగ్గరికి వచ్చేసరికి వార్పు, రేషం అవుతుంది. బట్టల కొట్టు బోర్డు మీద సిల్కు, పెళ్లివారింట పట్టు. ఈ మాటలన్నీ ఒకటే అనుకుంటే కొనేవాళ్లకు నష్టం. నేసేవాళ్లకు అంతకంటే పెద్ద నష్టం. అందుకే ఏ మాట ఎక్కడిది, దేన్ని చెబుతుంది, దేన్ని చెప్పదు అన్నది విడివిడిగా చూడాలి.

పట్టు అన్న మాట

తెలుగులో పట్టు అన్న మాటకు పని ఎక్కువ. మల్లయోధుడు వేసేది పట్టు, బెణికిన కాలికి వేసేదీ పట్టే. తేనెటీగలు పెట్టేది తేనెపట్టు. మనిషికి ఉండవలసినది పట్టుదల, పట్టువిడుపు. ఇవన్నీ పట్టుకోవడం అనే క్రియ చుట్టూ పెరిగినవి. బట్టగా వాడే పట్టుది వేరే కుదురు. తమిళంలోనూ అది పట్టే, పాత కన్నడంలో పట్టె. సంస్కృతంలో పట్ట అంటే బట్ట, పట్టీ, పలక, పట్టుబట్ట కూడా. రాజు నుదుట పట్టీ కట్టి రాజ్యమిచ్చే ఆచారం నుంచి పట్టం కట్టడం, పట్టాభిషేకం వచ్చాయి. రైతు చేతిలోని భూమి పట్టా కూడా ఆ కుటుంబంలోదే. సా.శ. 473 నాటి మందసోర్ శాసనంలో లాట దేశం నుంచి వలస వచ్చి సూర్యదేవాలయం కట్టించిన నేతగాళ్ల శ్రేణి కనిపిస్తుంది. ఆ శాసనం వాళ్లను పట్టవాయులు అంటుంది. అంటే పట్టు నేసేవాళ్లు. పదిహేను వందల ఏళ్ల కిందటే ఈ మాటకు పట్టు అన్న అర్థం స్థిరపడిందన్నమాట.

ఇదే మాట తూర్పున ఇంకో దారి పట్టింది. ఒడియాలో పాట అంటే పట్టు, అస్సామీలో పాట్ అంటే మల్బరీ పట్టు. బెంగాలీలో పాట్ అంటే మాత్రం జనపనార. వస్తువు మారినా పేరు నిలబడింది. తెలుగులో అలా జరగలేదు. మనకు పట్టు ఎప్పుడూ పురుగు ఇచ్చిన దారమే. నూలు పత్తిది, ఉన్ని గొర్రెది, నార చెట్టుది. ఈ నాలుగు గదులనూ తెలుగు జాగ్రత్తగా వేరుచేసి ఉంచుకుంది. పట్టు నూలు అని కలిపి అన్నా అక్కడ నూలుకు పోగు అన్న అర్థమే తప్ప పత్తితో సంబంధం లేదు.

కావ్యాల్లో కలిసిపోయిన పేర్లు

నాలుగు గదుల ఈ విభజన కొత్తది కాదు. అమరకోశం బట్టలను పుట్టుకను బట్టి నాలుగు రకాలుగా చెప్పింది: చెట్టు పట్ట నుంచి వచ్చేవి, కాయ నుంచి వచ్చేవి, పురుగు గూటి నుంచి వచ్చేవి, మృగాల రోమం నుంచి వచ్చేవి. క్షౌమం మొదటి గదిలోది. అది అవిసె నార బట్ట. కౌశేయం మూడో గదిలోది, కోశం అంటే గూడు కనుక. ఈ వ్యుత్పత్తికి పాణిని వ్యాకరణంలోనే సూత్రం ఉంది. కౌటిల్యుని అర్థశాస్త్రం ఇంకో అడుగు ముందుకు వేసి కౌశేయాన్ని, చీనా నుంచి వచ్చే పట్టును, కొన్ని చెట్ల ఆకుల మీద దొరికే పత్రోర్ణాన్ని వేరు వేరు పేర్లతో చెప్పింది. పత్రోర్ణం అంటే ఆకు మీది ఉన్ని. అది అడవి పట్టు అయి ఉండాలన్నది పండితుల అభిప్రాయం.

కవుల చేతికి వచ్చాక ఈ హద్దులు చెరిగిపోయాయి. మన ప్రబంధాల్లో క్షౌమం, దుకూలం, కౌశేయం, చీనాంబరం అన్నిటికీ టీకాకారులు పట్టుబట్ట అని ఒకే అర్థం రాసి ముందుకు పోయారు. పీతాంబరం మరీ విచిత్రం. అది పసుపుపచ్చని బట్ట, రంగును చెప్పే మాట. దేనితో నేశారో ఆ మాటలో లేదు. విష్ణుమూర్తి కట్టు కాబట్టి ఖరీదైనదే అయి ఉండాలనే ఊహతో పట్టుపీతాంబరాలు అనే జంట ఏర్పడి, చివరికి పీతాంబరం అంటేనే పట్టు అయింది. చీనిచీనాంబరాలు అన్న పలుకుబడిలో చైనా దేశం మిగిలింది కానీ అది ఎవరికీ గుర్తు లేదు. కాళిదాసు కాలానికే చీనాంశుకం సంస్కృతంలో పరిచితమైన మాట. శాకుంతలం మొదటి అంకం చివరి ఉపమానంలో ఆ బట్ట జెండాగా కనిపిస్తుంది.

పెనుకొండకు ఈ మాటలు కేవలం పుస్తకాల్లోవి కావు. 1565 యుద్ధంలో విజయనగరం పాడయ్యాక అరవీటి తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికే మార్చాడు. ఆ దుకూలాలు, చీనాంబరాలు కట్టినవాళ్లు ఈ కొండ కిందనే తిరిగారు. వాళ్ల బట్టలు ఎలా ఉండేవో చూడాలంటే హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్ల దూరంలోని లేపాక్షికి వెళ్లాలి. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయం నాట్యమండపం పైకప్పులో స్త్రీల చీరల మీద గళ్లు, చారలు, పూలు, హంసలు ఇప్పటికీ చదవగలిగినంత స్పష్టంగా ఉన్నాయి. లతామండపం స్తంభాల మీది లతలు, జాలీలను నేతగాళ్లు చీర అంచుల్లోకి దించుకున్నారు. అక్కడి చిత్రకారుడు పల్చటి బట్టను, బరువైన బట్టను వేరు వేరుగా చూపించగలిగాడు. ఆ తేడాను ఇంత శ్రద్ధగా గమనించిన చోటు తెలుగు నేలలో మరొకటి నాకు తెలియదు.

రైతు మాట: పురుగు, జ్వరం, గూడు

హిందూపురం, పెనుకొండ, మడకశిర, ధర్మవరం పల్లెల్లో పట్టు బట్టగా కంటే ముందు పంటగా వినిపిస్తుంది. వర్షం చాలా తక్కువగా పడే ఈ నేలలో వేరుశనగ పదేపదే దెబ్బతీస్తుంటే, కొద్దిపాటి బోరు నీటితో ఏళ్ల తరబడి నిలిచే మల్బరీ తోట రైతుకు ఆసరా అయింది. ఒక తోట మీద ఏడాదికి ఐదారు పంటలు తీస్తారు. ఇక్కడ పంట అంటే ఆకు కోత కాదు, ఒక విడత పురుగుల పెంపకం.

పురుగు బతుకంతా మనిషి బతుకు మాటల్లోనే చెబుతారు. గుడ్డు నుంచి వచ్చిన పిల్లపురుగులను పెంచేది చాకీ. పురుగు నాలుగుసార్లు మేత మాని, తల పైకెత్తి కదలకుండా ఉండి, పాత చర్మం విడుస్తుంది. శాస్త్రం దాన్ని నిర్మోచనం అంటుంది. రైతు దాన్ని జ్వరం అంటాడు. రెండో జ్వరం దాటిన పురుగులు చాకీ కేంద్రం నుంచి రైతు షెడ్డుకు వస్తాయి. నాలుగో జ్వరం నుంచి లేచాక వాటి ఆకలికి అంతుండదు. ఆ వారం రోజులు ఇంటిల్లిపాదీ ఆకు కోయడమే పని. షెడ్డులోకి వెళితే ఆకు తినే చప్పుడు రేకుల మీద సన్నని వాన పడినట్టు వినిపిస్తుంది. గుడ్డు పగిలిన నాలుగు వారాలకు కాస్త అటూ ఇటూగా పురుగు పండుతుంది. ఒళ్లు పారదర్శకంగా మారి, మేత వదిలేసి, తల అటూ ఇటూ ఆడిస్తుంది. అప్పుడు దాన్ని చంద్రిక మీదకు ఎక్కిస్తారు. వెదురు చాప మీద చుట్లు చుట్లుగా బద్దలు బిగించినది చంద్రిక. రెండు మూడు రోజుల్లో పురుగు గూడు కట్టేస్తుంది.

ఇక్కడ ఒక మాట తేడా చెప్పుకోవాలి. రాయలసీమ మల్బరీ రైతు పట్టుగూడు అంటాడు. తెలంగాణలో చెన్నూరు, మహదేవ్‌పూర్ అడవుల్లో మద్ది చెట్ల మీద దసలి పట్టు పెంచే గిరిజన రైతు పట్టుకాయ అంటాడు. చెట్టు మీద కాడతో వేలాడుతూ గట్టిగా ఉండే దసలిని చూస్తే కాయ అన్న మాటే సరిగ్గా తోస్తుంది. ఇంట్లో, చంద్రికలో, మెత్తగా తెల్లగా ఉండేది గూడు. ఈ రెండు మాటల్లో ఇంటి పురుగుకు, అడవి పురుగుకు మధ్య ఉన్న దూరమంతా ఉంది. ఆముదపు ఆకు తినే ఎరి పురుగుది మూడో దారి. దాని గూటి నుంచి ఒకే పోగుగా దారం రాదు, పత్తిలా వడకాలి. అస్సాం బంగారు వన్నె ముగా నాలుగోది. ఇంగ్లీషులో ఇవన్నీ సిల్కే. తెలుగులో ఏ గుర్తూ లేకుండా పట్టు అంటే మల్బరీ పట్టు, మిగతావాటికి ముందు ఒక విశేషణం తగిలించాలి.

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో, గూళ్ల నుంచి దారం తీసే రీలర్ కొనే తీరు ఒకసారి దగ్గరగా చూడాలి. బుట్టలోంచి గుప్పెడు గూళ్లు తీస్తాడు. తెల్లనివి బైవోల్టిన్, పసుపుపచ్చ ఛాయవి సంకర జాతివి. వేళ్ల మధ్య నొక్కి గట్టిదనం చూస్తాడు. తర్వాత ఒక గూడును చెవి దగ్గర పెట్టి ఊపుతాడు. లోపల ప్యూపాగా మారిన పురుగు బాగుంటే గోడకు తగిలి టక్ టక్‌మని పలుకుతుంది. లోపలే చచ్చి కరిగిపోయి ఉంటే చప్పుడు రాదు, గోడకు అంటుకుపోయి మరక పైకి వస్తుంది. రెండు పురుగులు కలిసి కట్టిన జంట గూళ్లను పక్కకు తీస్తాడు. వాటి దారం ముడులు ముడులుగా వస్తుంది. బజార్లో డూపియన్ అనే గరుకు పట్టు వాటి నుంచి వచ్చిందే. ఆ పేరులో కూడా జంట అన్న అర్థమే ఉంది. నాలుగు వారాల రాత్రింబవళ్ల కష్టానికి ధర ఆ ఒక్క నిమిషంలో తేలుతుంది. ఇక్కడి ధర నచ్చక గూళ్లను రామనగరం, శిడ్లఘట్ట మార్కెట్లకు ఎత్తుకుపోయే రైతులూ ఉన్నారు.

మంచి బైవోల్టిన్ గూటిలో దాదాపు కిలోమీటరు పొడవున తెగని పోగు ఉంటుంది. ఏ మొక్కా ఇంత పొడవైన పోగు ఇవ్వదు. కిలో ముడిపట్టు రావాలంటే ఆరు నుంచి ఎనిమిది కిలోల గూళ్లు పడతాయి. ప్యూపా చిమ్మటగా మారి బయటికి వస్తే గూటికి రంధ్రం పడి పోగు తెగుతుంది. అందుకే లోపలి ప్రాణిని ముందే వేడితో చంపి, గూళ్లను వేడి నీటిలో వేసి, కొసలు దొరకబుచ్చుకుని కొన్ని పోగులు కలిపి తీస్తారు. పరిశోధన వైపు నుంచి ఈ రైతులకు తోడున్నది హిందూపురం పక్కన కిరికెరలోని రాష్ట్ర పట్టు పరిశోధనాభివృద్ధి సంస్థ.

అరువు మాటలు: రేషం, సిల్కు, సెరికల్చర్

హిందూపురం దాటి కర్ణాటకలోని గౌరిబిదనూరు వైపు వెళితే పట్టు అన్న మాట ఆగిపోయి రేష్మె మొదలవుతుంది. ఇది పారసీ అబ్రేషమ్ నుంచి వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దం చివర మైసూరులో టిప్పు సుల్తాను పట్టు పెంపకాన్ని వ్యాపింపజేశాడు. కన్నడంలో పాత పట్టె వెనక్కు తగ్గి రేష్మె రోజువారీ మాటగా నిలబడింది. మన వైపు తెలుగులో రేషం వచ్చింది కానీ పట్టును తోసేయలేదు. రెండూ పని పంచుకున్నాయి. రేషం దారం, పట్టు బట్ట. రేషం చీర అని ఎవరూ అనరు.

సిల్కు ఇంకా దూరం నుంచి వచ్చింది. గ్రీకులు తూర్పున ఎక్కడో పట్టు చేసే జనాన్ని సేరెస్ అన్నారు. దాని మీద లాటిన్ సెరికమ్ వచ్చింది. ఇంగ్లీషు సిల్కుకూ అదే మూలమని చెబుతారు. పట్టుపోగుకు జిగురుగా ఉండే సెరిసిన్‌ది, సెరికల్చర్‌ది అదే మూలం. సెరికల్చర్ ఆఫీసుకు పోయి వస్తానని చెప్పే రైతు, రెండు వేల ఏళ్ల కిందట గ్రీకులు చైనావాళ్లకు పెట్టిన పేరును పలుకుతున్నాడు.

తెలుగులోకి వచ్చాక సిల్కు తన మొదటి అర్థాన్ని పోగొట్టుకుంది. నున్నగా, జారుడుగా, మెరుస్తూ ఉండే ఏ బట్టయినా మనకు సిల్కే. సిల్కు చొక్కా, సిల్కు లుంగీ అంటే అది పాలియెస్టర్ అని చెప్పినవాడికీ, విన్నవాడికీ తెలుసు. ఇంగ్లీషు తెలిసినవాళ్లు పట్టుకు సరైన అనువాదం సిల్కు అనుకుంటారు. అంగడిలో మాత్రం సిల్కు తీరును చెబుతుంది, పట్టు పుట్టుకను చెబుతుంది. తిరుమల బ్రహ్మోత్సవాలకు ప్రభుత్వం తరఫున సమర్పించేవి పట్టువస్త్రాలు. సిల్కు వస్త్రాలు అని ఏ పత్రికా రాయదు, రాస్తే చెవికి తగులుతుంది.

ఇంకొన్ని పేర్లు అసలు దారాన్ని చెప్పనే చెప్పవు. శాటిన్, షిఫాన్, జార్జెట్, క్రేప్ నేత రకాలు. వాటిని పట్టుతోనూ నేయవచ్చు, నైలానుతోనూ నేయవచ్చు. మష్రూ అన్నది ధర్మాన్ని చెప్పే పేరు. ముస్లిం పురుషులకు స్వచ్ఛమైన పట్టు ఒంటికి తగలడం నిషిద్ధం కాబట్టి ఒంటి వైపు నూలు, పైకి పట్టు కనిపించేలా నేసిన బట్టకు అనుమతించినది అనే అర్థంలో ఆ పేరు వచ్చింది.

ధర్మవరం మగ్గం దగ్గర

ధర్మవరంలో పట్టు దారం ధర అడిగితే ఏది అని ఎదురు ప్రశ్న వస్తుంది. పడుగుకు వాడే దారం వార్పు. పేకగా నాడెలో పోయేది రేషం. వార్పు మగ్గం మీద బిగుతుగా లాగబడి వేల దెబ్బలు తినాలి కనుక దాని పురి గట్టిది. రేషం కాస్త మెత్తనిది. రెండూ ఒకే పురుగు నుంచి వచ్చినా వాటి పని వేరు, ధర వేరు, పేరు వేరు. ముడిపట్టు బరువులో దాదాపు నాలుగో వంతు సెరిసిన్ జిగురే. సబ్బు నీళ్లలో ఉడికించి ఆ జిగురు తీశాకే మెరుపు బయటపడుతుంది, రంగు పడుతుంది. పట్టుపోగును అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా ఉండదు, గుండ్రటి మూలల ముక్కోణంలా ఉంటుంది. వెలుగు దాని మీద పడి గాజుపట్టకంలో లాగా విరుగుతుంది.

ధర్మవరం చీరకు పేరు తెచ్చినవి వెడల్పాటి జరీ అంచు, నిండైన కొంగు, రెండు రంగులు కలిసిన ఒళ్లు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు పెట్టి నేస్తే చీర కదిలినప్పుడల్లా రంగు మారుతుంది. నెమలికంఠం అనే పేరు అలా వచ్చిందే. భరతనాట్యం, కూచిపూడి కళాకారులు ఈ చీరలను ఇష్టపడటానికి ఈ గుణమూ ఒక కారణం. గుంట మగ్గం మీద భార్యాభర్తలిద్దరూ కూర్చుని కష్టపడితే పనితనాన్ని బట్టి ఒక చీరకు కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల వరకు పడుతుంది. పైన వేలాడే జకార్డు అట్టల పరికరం 1804 ప్రాంతంలో ఫ్రాన్సులోని లియాన్ పట్టు నేతకోసం పుట్టింది.

జరీని చాలామంది పట్టులో భాగం అనుకుంటారు. జర్ అంటే పారసీలో బంగారం. అసలు జరీలో దారం చుట్టూ వెండి తీగ, దాని మీద బంగారు పూత ఉంటుంది. టెస్టెడ్ జరీ అన్న పేరు వింటే పరీక్షించి నిగ్గు తేల్చినదని తోస్తుంది. అంగడిలో దాని అర్థం రాగి తీగ మీద పూత వేసిన జరీ. చీర పట్టుదే అయినా జరీ ఏదో వేరుగా అడగాలి.

భౌగోళిక గుర్తింపు కోసం ఇక్కడి నేతకు నమోదైన పేరు ధర్మవరం చేనేత పట్టు చీరలు, పావడలు. ఇంగ్లీషు పత్రంలో కూడా సిల్కు అని అనువదించకుండా పట్టు, పావడ అన్న తెలుగు మాటలనే ఉంచారు. ఆ పని చేసినవాళ్లకు మాట విలువ తెలుసు.

మడి, హింస

ఇంట్లో పట్టుకు ఇంకో అర్థం ఉంది: మడి. నూలుబట్టను ప్రతిసారీ తడిపి ఆరేయాలి. పట్టుబట్టకు ఆ కట్టడి సడలింపు ఉంది కనుక పూజకు, శ్రాద్ధానికి అదే కట్టుకుంటారు. కానీ ఆ బట్ట కోసం వేల ప్రాణాలు పోతాయన్న బాధ కూడా పాతదే. కంచి పరమాచార్యులు పట్టు కట్టవద్దని చెప్పారు. హైదరాబాదులో ఆప్కోలో పనిచేసిన కుసుమ రాజయ్య చిమ్మట గూటి నుంచి బయటికి వెళ్లిపోయాకే దారం వడికే పద్ధతిని రూపొందించి, దానికి అహింసా పట్టు అని పేరు పెట్టారు. పోగు తెగి వడకవలసి రావడంతో ఆ బట్టకు మెరుపు తక్కువ, మెత్తదనం ఎక్కువ. మెరుపును వదులుకున్నా అది పట్టే. మెరుపు ఎంత ఉన్నా పాలియెస్టర్ పట్టు కాదు.

పట్టు కానిది

పట్టును అనుకరించాలన్న కోరిక 1889 పారిస్ ప్రదర్శనలో షార్దొనే చూపిన కృత్రిమ పట్టుతో పరిశ్రమగా మొదలైంది. సెల్యులోజును కరిగించి తీసిన ఆ దారానికి సిల్కు పేరు తగిలించడం పేచీలకు దారితీసింది. 1924లో అమెరికా వ్యాపారులు రేయాన్ అన్న కొత్త పేరు పెట్టుకుని సిల్కు మాటను వదిలేశారు. మన దగ్గర వదల్లేదు. ఆర్ట్ సిల్క్ అని అచ్చేసిన చీటీలో ఆర్ట్ అంటే కళ అని చదివిన కొనుగోలుదారులు ఎంతమందో. అది ఆర్టిఫిషియల్‌కు పొట్టి రూపం. ఇప్పుడు పట్టు మాటకే ముందు సెమీ, ఫ్యాన్సీ అని తగిలించి అమ్ముతున్నారు. పవర్‌లూమ్ మీద నేసిన పాలియెస్టర్ చీరను ధర్మవరం పట్టు అని అమ్మిన ప్రతిసారీ ఇక్కడ ఒక మగ్గానికి పని తగ్గుతోంది. చీరను చేనేతకు కేటాయించిన రిజర్వేషన్ చట్టం 1985లోనే వచ్చింది. అమలు సరిగా లేదన్నదే చేనేత కార్మికుల పాత గోడు.

ముద్రలు ఉన్నాయి, కానీ ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకే జవాబు చెబుతుంది. 2004లో కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలో వచ్చిన సిల్క్ మార్క్ దారం అసలుదేనని చెబుతుంది, మగ్గం గురించి చెప్పదు. 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ చేత్తో నేశారని చెబుతుంది, పట్టో నూలో చెప్పదు. భౌగోళిక గుర్తింపు ఊరిని చెబుతుంది. ధర్మవరం చేనేత పట్టు చీర అన్న నాలుగు మాటలూ నిజం కావాలంటే మూడూ అడగాలి.

ముద్ర లేనిచోట నేతగాళ్లు చేసే పరీక్ష ఒకటుంది. కొంగు చివర కుచ్చులోంచి ఒక పోగు తీసి నిప్పు చూపిస్తారు. పట్టు అయితే ముడుచుకుంటూ కాలి, నిప్పు తీయగానే ఆరిపోతుంది. వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. మిగిలిన నల్లటి పూస వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. రేయాన్ కాగితంలా భగ్గున మండుతుంది. పాలియెస్టర్ కరిగి కారి, నలగని గట్టి పూసగా బిగుస్తుంది. కుచ్చులో దొరికేది పడుగు పోగు మాత్రమే. సెమీ పట్టులో పడుగు ఒకటి, పేక ఇంకొకటి కావచ్చు కాబట్టి, కోత అంచు నుంచి అడ్డపోగు కూడా ఒకటి లాగి విడిగా కాల్చి చూడాలి.